పదకొండు నిమిషాల జొన్నచేను

చండ్రుగొండకు అడవి వైపున్న పద్నాలుగు ఊళ్లలో టీవీ ఉన్న ఇల్లు ఏదైనా చూపించండి, ఆ ఇంటి కప్పు నేనెక్కిందే. రేకుల కప్పు, పెంకుల కప్పు, తాటాకు కప్పు, ఆఖరికి బడి డాబా కూడా. దూలం మీద ఒంటికాలితో నిలబడి, స్పానరు పళ్ల మధ్య బిగించి, ఆకాశంలో ఎక్కడో కంటికి ఆనని ఉపగ్రహం వైపు డిష్షును ఒక్క తిప్పు తిప్పానంటే, కింద ఇంట్లో బొమ్మ అద్దంలో ముఖంలా పడేది. నా పేరు వెంకటరామారావు. ఆ పేరుతో వెతికితే మా ఊళ్లో మా ఇల్లు ఎవరూ చూపించరు. డిష్షు రామారావు అంటే కుక్కలు కూడా దారి చూపిస్తాయి.

నేను ఎక్కని కప్పు లేదు, నేను అమ్మలేని వస్తువు మాత్రం ఒకటుంది. ఖమ్మం నుంచి కంపెనీ మనిషి ఒకాయన వచ్చి మా కొట్లో కూర్చుని, నల్లగా నున్నగా ఉన్న ఒక పెట్టెను నా ముందు పెట్టాడు. మామూలు పెట్టెలు వచ్చే బొమ్మను చూపిస్తాయి, ఇది దాచిపెడుతుంది అన్నాడు. నడుస్తున్నదాన్ని ఆపొచ్చట, గంట వెనక్కి తిప్పొచ్చట, ఎర్ర మీట నొక్కితే ఏళ్ల తరబడి లోపల ఉండిపోతుందట. ఇరవై పెట్టెలు అమ్మితే భార్యాభర్తలిద్దరినీ గోవా పంపిస్తామన్నాడు. ఆ సాయంత్రమే మా ఆవిడ పద్మావతమ్మకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాను.

ఒక్కటి కూడా అమ్మలేదు. ఊరూరూ తిరిగి చెప్పాను. జనం శ్రద్ధగా విని, ఇవాళ్టి సీరియలే ఎప్పటికీ అయిపోవడం లేదు, నిన్నటిది దాచుకుని ఏం చేసుకుంటామన్నారు. ఈలోపు చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి. గొడుగుల్లాంటి డిష్షుల మీద కాకులు గూళ్లు పెట్టడం మొదలుపెట్టాయి. నమూనాకని ఇచ్చిన పెట్టె మా ఇంట్లోనే మిగిలిపోయింది.

దానితో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. కొట్టు ముందు టీవీ పెట్టి క్రికెట్ చూపించేవాణ్ణి. ఆట మంచి పట్టులో ఉండగా సిగ్నల్ పోయిందని చెప్పి బొమ్మ ఆపేసి, కొట్టు వెనక్కి పోయి ఫోన్లో ముందు జరిగింది తెలుసుకుని వచ్చి, మళ్లీ నడిపించేవాణ్ణి. వీడు మూడో బంతికి అవుట్ అవుతాడు చూడండి అనేవాణ్ణి. అయ్యేవాడు. నెల రోజులు నాకు వాక్శుద్ధి ఉందని చెప్పుకున్నారు. ఒకాయన బోరు ఎక్కడ వేయించాలో చెప్పమని నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. జనం జేబుల్లోనూ ఫోన్లు ఉన్నాయని, వాళ్లకు స్కోరు నాకంటే ముందే తెలుసని, నా ముఖం చూసి నవ్వుకోవడానికే వచ్చి కూర్చునేవాళ్లని ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడు పోడు భూములకు పట్టాలిస్తారని సర్వే మొదలైంది. ఉగాది వెళ్లింది. అడవిలో ఇప్పపూలు రాలుతున్నాయి. ఒక మధ్యాహ్నం పద్మావతి చాప మీద కాళ్లు చాపుకుని టీవీ చూస్తోంది. వాగు అవతల, గుంపు అని పిలిచే కోయగూడెం నుంచి జంపక్క చింతపండు తెచ్చి గడప దగ్గర కూర్చుంది. ముప్పై ఏళ్ల పరిచయం. నన్ను అన్నా అంటుంది, పద్మావతిని వదినా అంటుంది. ఆమె మొగుడు బొజ్జయ్య జ్వరమొచ్చి పోయి అప్పటికి పన్నెండేళ్లు. వాళ్లకొక్కడే కొడుకు ప్రభాకర్, ట్రాలీ ఆటో నడుపుతాడు.

టీవీలో ఏదో పాత కార్యక్రమం వేస్తున్నారు. మధ్యాహ్నం పూట ఎవరూ చూడరని చానళ్ల వాళ్లు అటక మీదివి దింపుతారు కదా, అట్లాంటిది. ఒక అమ్మాయి మైకు పట్టుకుని అడవి అంచున తిరుగుతోంది. జంపక్క చింతపండులో ఈనెలు తీస్తూ తలెత్తింది. గొంతు పెంచలేదు.

"వదినా, గాయన మా ఆయన."

పద్మావతి కేకేస్తే నేను పెరట్లోంచి వచ్చాను. అప్పటికి తెర మీద ఇంకెవరో తేనె గురించి చెబుతున్నారు. పెట్టెకు గంట వెనక్కి పోయే గుణం ఉందని చెప్పాను కదా. తిప్పాను. ఎర్ర మీట నొక్కాను. బొజ్జయ్య వచ్చాడు.

జొన్నచేను మధ్యలో మంచె. మంచె మీద బొజ్జయ్య. మెడ దాకా జొన్న కంకులు. వడిసెల గిరగిర తిప్పి, హోయ్ అని ఒక కేక పెట్టి రాయి విసిరితే చిలుకలు ఆకుపచ్చ గుడ్డ దులిపినట్టు లేచాయి. కింద నుంచి ఆ అమ్మాయి ఈ చేను ఎవరిదని అడిగింది. బొజ్జయ్య ఆమెను ఒక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి నవ్వాడు.

"మాదే. మా నాయన కొట్టిన పోడు. నాలుగెకరాలు. అగో, ఆ వాగు కాడి మద్దిచెట్టు దాకా."

చేయి చాపి చూపించాడు. కెమెరా ఆ చేతి వెంట మెల్లగా తిరిగింది. పై నుంచి వాగు దాకా జొన్నే. వాగు ఒడ్డున రెండు బోదెల మద్దిచెట్టు. చేను గట్టున చంకలో పిల్లవాడితో వీపు ఇటు పెట్టి నిలబడిన ఆడమనిషి జంపక్క. చంకలో వాడు ప్రభాకర్. తెర కింద మూలన పేరు, ఊరు, 2003 అన్న అంకె. మొత్తం పదకొండు నిమిషాలు.

పోడు పట్టాకు రూలు ఏమిటంటే, 2005 డిసెంబరు కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు రుజువు కావాలి. మిగతావాళ్లు పాత జరిమానా రసీదులు దాచుకుని ఉన్నారు. అడవి కొట్టినందుకు అప్పట్లో జరిమానా వేసిన కాగితమే ఇప్పుడు చేను తనదని సాక్ష్యం. జంపక్కకూ ఒకటుండేది. గుడిసె కాలినప్పుడు దాంతోపాటే పోయింది. సర్వేవాళ్లు ఆమె చేలో నిలబడి, కాగితం లేకపోతే మేమేం చేస్తామమ్మా అని వెళ్లిపోయారని వారం రోజులుగా చెబుతోంది. ఇప్పుడు కాగితం కాదు, మనిషే వచ్చి చెబుతున్నాడు.

నేను ఆగలేదు. ఆ సాయంత్రమే ఊరి అటవీ హక్కుల కమిటీ వాళ్ల దగ్గరికి పోయి, నా పెట్టెలో సాక్ష్యం ఉంది, కావలిస్తే సబ్ కలెక్టరును కూడా తీసుకురండి అని గొప్పగా చెప్పాను. పెట్టెలోనిది పెన్‌డ్రైవులో ఎక్కదు, వేరే టీవీలో పడదు, ఆ పెట్టెలో ఆ కార్డుతో చూడాల్సిందే. అయితే పంచాయతీ ఆఫీసులోనే డిష్షు బిగించి చూపించమన్నారు. మే నెల మూడో సోమవారం పెద్దాఫీసరు వస్తాడని తారీఖు కూడా పెట్టారు. ప్రభాకర్ ఆ చానల్‌కు ఫోను చేశాడు. చానల్ చేతులు మారిందని, పాత టేపులు ఏ గోదాములో ఉన్నాయో వెతకాలని చెప్పి పెట్టేశారట. అంటే ఈ లోకంలో ఆ జొన్నచేను మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు.

ప్రభాకర్ తెలివైనవాడు. మర్నాడు వచ్చి, తల్లి పక్కన నిలబడి మొత్తం చూసి, జేబులోంచి ఫోను తీశాడు. టీవీకి ఎదురుగా పట్టుకుని తీయబోయాడు. నేను నవ్వుతూనే అడిగాను, "ఏంరా, మామ మీద నమ్మకం లేదా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. జంపక్క వాడి మోచేయి పట్టి కిందికి లాగింది.

"లోపల పెట్రా. అన్న ఇంట్ల ఉంటే మనింట్ల ఉన్నట్టే."

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నేనన్న మాటలో మోసం లేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా చెప్పడం నా వంతు.

తరవాత బీడీలకు వాడే తునికాకు కోసే కాలం వచ్చింది. తెల్లవారక ముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నానికి కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. జంపక్క ఆకు మూట తెచ్చి మా వరండాలో దించేది. తలుపు బార్లా తీసి పెడితే టీవీ కనిపించేది. పద్మావతి మజ్జిగ ఇచ్చి, తన సీరియల్ ఆపేసి, బొజ్జయ్యను పెట్టేది. యాభై ఆకులు లెక్కపెట్టి నారతో ఒక ముడి, మళ్లీ యాభై. చూపు తెర మీద, వేళ్లు ఆకుల మీద. ఒక్క కట్టలోనూ లెక్క తప్పేది కాదు.

మొదట్లో ఏమీ మాట్లాడేది కాదు. నాలుగో రోజుకు మొగుడితో తగువు మొదలుపెట్టింది. ఆ అంగీ చిరిగింది, ఊరి ముందుకు పోయేటప్పుడు మంచిది తొడుక్కోమంటే వినలేదని. ఆ పిల్లను చూసి అంత నవ్వెందుకని. వారానికి ఆపే మీట నేర్చుకుంది. బొజ్జయ్య చేయి చాపి, ఇటు తిరిగి నవ్వేచోట ఆపేది. కదలకుండా ఉన్న మనిషిని చూస్తూ నాలుగైదు కట్టలు కట్టేది. పద్మావతి పక్కనే కూర్చుని తనూ ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్మావతి కట్టలు రెండు మూడు ఆకులు తగ్గేవి. జంపక్క విప్పి సరిచేసి, వదిన నన్ను కల్లంలో దొంగను చేసేటట్టుందని నవ్వేది.

నేను ఊరికే ఉండలేను కదా. బొజ్జయ్యకు నేనే టీవీలో పాత్ర ఇప్పించానని, ఆ డిష్షును మంచె వైపు తిప్పింది నేనేనని చెప్పేవాణ్ణి. తాటాకు కప్పుల మీద నా సర్కస్ కథలు చెప్పేవాణ్ణి. ఒక రోజు జంపక్క ఆకు కట్టకు నార బిగిస్తూ పద్మావతికి చెప్పింది, గుంపులో మొదటి టీవీ పెట్టిన రోజు ఏం జరిగిందో.

"నిచ్చెన మూడో మెట్టు కాడ అన్న కండ్లు మూసిండు వదినా. దింపనీకె మా ఆయన నడుం పట్టుకోవాల్సొచ్చింది. పైకెక్కింది ఆ కోటేష్."

సరే, దాచి లాభం లేదు. పద్నాలుగు ఊళ్ల కప్పులూ ఎక్కింది నా దగ్గర పనిచేసిన కోటేష్. నేను నేల మీద నిలబడి కుడికి, ఎడమకి అని అరిచేవాణ్ణి. నేనెక్కిన కప్పు మా డాబా ఒక్కటే, అదీ మెట్లుండబట్టి. ఆ రోజు ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. మా ఇంట్లో అంత పెద్ద నవ్వు వినపడటం అదే ఆఖరు.

మా అబ్బాయి వెంకటకృష్ణ ఆ నెలంతా మిర్చి పని మీద ఖమ్మం, ముదిగొండ తిరుగుతున్నాడు. మే నెల రెండో వారంలో ఒక మధ్యాహ్నం వచ్చాడు. వరండాలో ఆకులు, లోపల బొజ్జయ్య. హెల్మెట్ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. జంపక్క, కూర్చో కొడుకా అంది. పనుందత్తా అని లోపలికి పోయి నీళ్లు తాగాడు.

అన్నాల దగ్గర వాడు కంచంలోంచి తలెత్తలేదు.

"ఆ మద్దిచెట్టు బాగా కనపడతంది నాన్నా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లు. గిరిజనులం కాము కాబట్టి ఏజెన్సీలో మాకు భూమి కొనే హక్కు లేదు, రాయించుకునే హక్కు లేదు. అయినా సేద్యం చేస్తాం. ఎట్లా అంటే, ఇంకొకరి పేరు మీద. తండాలోనో గుంపులోనో ఒక మనిషి పేరు కాగితంలో ఉంటుంది, నాగలి మాది ఉంటుంది. ఈ వైపు ఇది అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనరు. బొజ్జయ్య పోయిన ఏడు జంపక్క నాలుగెకరాలూ దున్నించుకోలేకపోయింది. వాగు ఒడ్డు రెండెకరాలు ఆ ఒక్క పంటకూ మీరు వేసుకోండి, పైన రెండూ మీ ట్రాక్టరుతో దున్నిపెట్టండి అంది. మాట మీద అయిపోయింది. రెండేళ్లు మా ట్రాక్టరు పైకి పోయింది. మూడో ఏడు ట్రాక్టరు పోలేదు, కింద మా పత్తి మాత్రం ఉండిపోయింది. కంది కూడా వేశాం. మళ్లీ జంపక్క ఆ మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. పదేళ్లలో మా నోట అది మా వాగుచేను అయింది. ఈ సర్వేలో దాన్ని, ఎక్కడో సంపాదించిన పాత జరిమానా రసీదు ఒకటి జతచేసి, మా పాలేరు మోతీలాల్ పేరు మీద రాయించాడు వెంకటకృష్ణ. మోతీలాల్ సంతకం పెట్టమన్నచోట పెట్టాడు.

బొజ్జయ్య చేయి చాపి చూపించిన మద్దిచెట్టు మా వాగుచేను హద్దు.

"ఆమెకి నాలుగెకరాలని తేలితే మోతీలాల్‌కి రెండు ఎక్కడియ్? అసలు ఎవరు వేస్తున్నరని మొదలవుతది. మొత్తం మనమీదికొస్తది." వాడు అన్నం కలుపుతూనే అన్నాడు. "నిన్ను ఏం చెయ్యమనట్లే నాన్నా. కనపడతందని చెప్తన్న."

పద్మావతి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"పైన రెండన్నా ఆమెకి దక్కనీరా."

"సినిమా సగమే చూపిస్తరా అమ్మా?"

వాడు చేయి కడుక్కుని వెళ్లి మంచం వేసుకున్నాడు. నా కంచంలో పెరుగన్నం మీద నేను చాలాసేపు వేలితో గీతలు గీశాను. వాగుచేను పోతే మా ఇల్లేమీ కూలదు. అది నాకూ తెలుసు. కానీ కొట్టు మూతపడ్డాక, నా మాట వినేవాళ్లు తగ్గాక, నా కొడుకు నన్ను అడిగిన మొదటి పని అది. పోనీ, అడగకుండా అడిగింది.

ఇక కోతి దగ్గరికి వద్దాం.

ఆ ఎండాకాలం అడవిలో చెలమలు ఎండి కోతులు ఊళ్ల మీద పడ్డాయి. సోమవారం ఆఫీసరు వస్తాడనగా ఆదివారం మధ్యాహ్నం, నేను వరండాలో కునుకు తీస్తుంటే ఒకటి పెరటి గోడ దూకింది. మామూలు కోతి కాదు, సగం తోక తెగిన గండుకోతి, ఎత్తు నా నడుం దాకా ఉంటుంది. వంటింట్లో అరటిపళ్ల గెల వైపు చూడనన్నా చూడలేదు. సరాసరి హాల్లోకి వచ్చి, నా కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, రిమోట్ తీసుకుంది. వార్తలు పెట్టి పళ్లు ఇకిలించింది. సీరియల్ పెట్టి తల గోక్కుంది. భక్తి చానల్ వచ్చేసరికి రెండు చేతులూ జోడించింది. నేను కళ్లు తెరిచేసరికి దాచిపెట్టినవాటి జాబితా తీసి కూర్చుని ఉంది. కర్ర పట్టుకుని లేచాను. అది కంగారుగా ఏవో మీటలు టకటకా నొక్కి, రిమోట్ నా మీదికి విసిరి, కిటికీలోంచి పోయింది. చూసుకుంటే బొజ్జయ్య లేడు.

ఈ కథ నేను సోమవారం పొద్దున పంచాయతీ ఆఫీసులో చెప్పాను. కోటేష్ పైన డిష్షు బిగించి దిగాడు. పెట్టె బల్ల మీద ఉంది. పెద్దాఫీసరు, కమిటీవాళ్లు, ఊళ్లోవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. కోతి కాలు మీద కాలేసుకున్నచోట నేను కూడా కుర్చీలో అట్లాగే కూర్చుని చూపించాను. చేతులు జోడించినచోట జోడించాను. కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇట్లాంటి కోతిని జిల్లాలోనే చూడలేదన్నాడు. అంత బాగా కథ చెప్పడం నా జన్మలో అదే.

జంపక్క కిటికీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. పండగలకు కట్టుకునే చీర కట్టుకుంది. నవ్వులన్నీ తగ్గేదాకా ఆగింది.

"పెట్టెల ఇంకేమేం పోయినయన్నా?"

"అదొక్కటే జంపక్కా."

"వదిన సీరియళ్లు ఉన్నయా?"

"ఉన్నయ్."

"మంచిగయింది. వదిన చూసుకుంటది."

లేచి చీర దులుపుకుంది. ప్రభాకర్ గోడకు ఆనుకుని, ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ దాన్నే చూస్తున్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆఫీసరు ఫైలులో ఏదో రాసుకుని, ఇంకేమైనా ఆధారం దొరికితే తేవమ్మా అని మర్యాదగానే చెప్పి, తరవాతి పేరు పిలిచాడు.

వానలు పడ్డాక జాబితా అతికించారు. మోతీలాల్ పేరు ఉంది, రెండెకరాలు. జంపక్క పేరు లేదు. ఆమె పైచేలో అటవీశాఖవాళ్లు కందకం తీసి మొక్కలు నాటారు. ఆమె ఆ గట్టు మీద రెండు రోజులు కూర్చుందట. తరవాత ఇతరుల చేలల్లో పత్తి ఏరడానికి కూలికి పోయింది. మా వాగుచేనికి మాత్రం రాలేదు. ఎవరూ పిలవలేదు కూడా. ప్రభాకర్ ఆటో అమ్మేసి భద్రాచలం పోయాడు. అక్కడ ఒక ఫోన్ల కొట్లో పనిచేస్తున్నాడని విన్నాను. ఆమె మా వరండాకు మళ్లీ ఒక్కసారి వచ్చింది. ఆ ఎండాకాలం పద్మావతి ఇచ్చిన మజ్జిగ చెంబు ఒకటి తనింట్లో ఉండిపోయిందట, తోమి తెచ్చి గడప మీద పెట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆ సంక్రాంతికి వాగుచేని కంది ఇంటికి వస్తే, పద్మావతి బస్తాలు ఎక్కడ దించారో అక్కడే ఉండనిచ్చింది. కిరాణా కొట్టుకు పోయి అరకిలో కందిపప్పు కొనుక్కొచ్చి వండింది. ఇప్పటికీ అంతే. ఇంట్లో కందులు పురుగు పట్టి పోతుంటాయి, మేం కొట్టు పప్పు తింటుంటాం. బంధువులు వస్తే వెంకటకృష్ణ, మా అమ్మకు మా కంది పడదు అని చెబుతాడు. టీవీ దగ్గర కూర్చోవడం మానేసింది. ఏమయిందమ్మా సీరియల్ అని ఎవరన్నా అడిగితే, కళ్లు సరిగా ఆనడం లేదంటుంది. సూదిలో దారం మాత్రం ఒక్కసారికే ఎక్కిస్తుంది.

నేను చెప్పేవి కోతలని మా ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే కాబోలు, కోతి కథను ఎవరూ ఆనవాలు పట్టలేదు. కోతలు కోసేవాడు ఇంకో కోత కోశాడనుకున్నారు గానీ, దాని వెనక ఏముందని ఎవరూ చూడలేదు. జంపక్క తప్ప.

కప్పుల సంగతి ఇందాకే ఒప్పుకున్నాను, అది పోగా మీకు చెప్పినదాంట్లో నేను పుట్టించింది ఆ కోతినే. మిగతాది ఉన్నదున్నట్టే. ఆదివారం మా పెరట్లోకి ఏదీ దూకలేదు. నా కుర్చీలో నేనే కూర్చున్నాను. ముందు పదకొండు నిమిషాలూ చూశాను, చిలుకలు లేవడం, పిల్లవాడితో ఆడమనిషి, చాపిన చేయి, మద్దిచెట్టు. వంటింట్లో పద్మావతి కత్తిపీట ముందు ఉంది. బొజ్జయ్య హోయ్ అన్న కేక ఆమెకూ వినిపించే ఉంటుంది. అయిపోయాక తీసేసే మీట నొక్కాను. పెట్టె అంత తేలిగ్గా తీసెయ్యదు. నిజంగానే తీసెయ్యమంటావా, తీసేస్తే మళ్లీ రాదు అని తెర మీద ఇంకోసారి అడుగుతుంది.

లోపల కత్తిపీట చప్పుడు ఆగింది.

రెండోసారి కూడా నేనే నొక్కాను.